రాతి మీద పాత చిరునామా

మార్చి నెల, రెండో ఆదివారం. ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం ఒంటిగంటకు, మందిరం వెనక రేకుల షెడ్డులో.

హాజరైనవారు: మా సంఘ కాపరి అయ్యగారు. గిద్దలూరు బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపే అమ్మాయి. సమాధి రాళ్లు చెక్కే మేస్త్రి. మా మందిరంలో చాలా ఏళ్లు పాట ఎత్తిన మనిషి భార్య. నేను.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారు, ఆ తర్వాత ఏం జరిగింది. పోస్టాఫీసు ఉద్యోగంలో చేరిన ఏడు మొదలైన అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. ఆ పేజీలో హాజరైనవాళ్ల కింద ఇంకో వాక్యం ఉంది: "పాట ఎక్కడన్నా మిగిలిందా అని తేల్చడానికి కూర్చున్నాం." ఒక చనిపోయిన మనిషి పాడిన పాట, మూడున్నర నిమిషాల రికార్డు. మేం వెతుకుతున్నది అదొక్కటే.

ఆ పాట ఎలా పోయిందో మొదటి నుంచి చెప్పాలి.

కరోనా రెండో వేసవిలో మా సంఘంలో పదకొండు మంది పోయారు. మా ఊరు రాచర్ల నుంచి గిద్దలూరు పోయే దారిలో ఉంటుంది. పెద్ద ఊరేం కాదు. పదకొండు మంది అంటే ప్రతి వీధిలోనూ ఒక ఇల్లు. పాట ఎత్తే ఆయన వాళ్లలో ఏడోవాడు. బోర్లలో మోటార్లు దించే పని, ఎత్తే పని చేసేవాడు. పని లేనప్పుడు భార్యతో పాటు కోతలకు పోయేవాడు. మా మందిరానికి హార్మోనియం లేదు. ఆయన పాట ఎత్తితే మేం అందుకునేవాళ్లం. ఆయన రాని ఆదివారం ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం. అలాంటి మనిషిని భూమిలో పెట్టినప్పుడు ఉన్నది ఐదుగురు. ఒక్క పాట లేదు. ఆయన తమ్ముడు హనుమంతునిపాడు నుంచి బయలుదేరితే దారిలో ఆపి వెనక్కి పంపారు.

ఆ ఏడు చివర్లో సంఘమంతా మళ్లీ కూడినప్పుడు, మట్టికి రాలేకపోయినవాళ్లు కనీసం చూసుకోవడానికి ఏదైనా ఉండాలన్నారు. నెట్ సెంటరు అమ్మాయి మా సంఘపు పిల్లే. హాల్ టికెట్లు, పెళ్లి కార్డులు, ఆధార్ మార్పులు చేస్తుంది. వెబ్‌సైట్లు కూడా కడుతుంది. తన సెంటరు పేరు మీద ఉన్న సైటులో ఒక మూల మాకు చోటిస్తానంది. పదకొండు మందికి పదకొండు పేజీలు. ఫోటో, పుట్టిన ఊరు, దేవుడు తమకేం చేశాడో వాళ్లు చెప్పుకున్న సాక్ష్యం. ముగ్గురికి గొంతులు కూడా దొరికాయి. పాట ఎత్తే ఆయన అంతకు ముందటి కోత పండగలో పాడిన పాటను భార్య ఆయన ఫోనులోనే పట్టింది. మధ్యలో ఎవరో ఇనుప గేటు వేసిన చప్పుడు కూడా అందులో ఉండేది.

అప్పుడు మేస్త్రికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన మార్కాపురంలో పలకల పనిలో పెరిగిన మనిషి. బడి పలకల కాలం పోయాక అదే నల్లరాయిని గచ్చుకూ గోడలకూ కోశాడు, ఇప్పుడు సమాధులకు చెక్కుతున్నాడు. నాకు వరసకు బావమరిది. మందిరం మెట్ల మీద కూర్చుని చెప్పాడు:

"టీ కొట్టులో డబ్బులు పంపే గళ్ల బొమ్మ అంటిచ్చినారు సూడు బావా, అది కాయితం. వానకి పోతది. అదే బొమ్మ మనం రాయిలో కొట్టినామనుకో, మన మనమలు సచ్చినా పోదు."

అందరికీ నచ్చింది. నాకు మరీ నచ్చింది. మార్కాపురంలో మిషను మీద కోయించి తెచ్చాడు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, దాని కింద అరచేయంత గళ్ల చదరం, చదరం కింద ఆ పేజీ చిరునామా ఇంగ్లీషు అక్షరాల్లో. ఫోను కెమెరా పెడితే పేజీ తెరుచుకుంటుంది. కొమరోలు సంఘం వాళ్లు ఆటో కట్టించుకుని చూసిపోయారు. తమ సమాధులకూ అలాగే చేయించాలనుకున్నారు. మేం పలక రాయి ప్రాంతం వాళ్లం, ఏది పోకూడదనుకున్నా రాయిలో కొడతాం. ఆ చిరునామాలో సగం మాది కాదనీ, అది ఇంకొకరి దుకాణం పేరనీ పదకొండు రాళ్లు నాటినప్పుడు మాలో ఒక్కరికీ తోచలేదు.

పాట ఎత్తే ఆయన భార్యకు చదువు రాదు. ఫోను నొక్కడం రాదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక సమాధుల తోటలోకి పోయి రాయి దగ్గర కూర్చునేది. ఎవరైనా ఆ దారిన పోతే, "ఈ రాయిని ఒకతూరి పాడియ్యి నాయనా" అని అడిగేది. వాళ్లు ఫోను పెట్టేవాళ్లు. గళ్లు కనబడగానే పాట వచ్చేది. ఆమె ఫోను వైపు చూసేది కాదు. రాయి మీద చేయి పెట్టి వినేది. పాట రాయిలోనే ఉందని ఆమె నమ్మకం. మొదట్లో మేస్త్రి ఆటపట్టించేవాడు, "నేను కొట్టిన రాయి వదినా, పాడక ఏం జేస్తది" అని. తర్వాత ఆయనా మానేశాడు.

రెండేళ్లు గడిచాయి. నెట్ సెంటరు అమ్మాయి, ఆమె అన్న వ్యాపారం విడివిడిగా పెట్టుకున్నారు. సెంటరు పేరు మారింది. ఆమె మా ఇంటికి వచ్చి, ఇక తన పాత పేరు మీద మా పేజీలు ఉండటం బాగుండదనీ, సంఘానికి సొంతంగా ఒక పేరు తీసుకుందామనీ చెప్పింది. రాళ్ల మీద ఉన్నది పాత చిరునామా కదా అని అడిగాను. రాళ్లు కదిలించే పని లేదంది.

"పాత అడ్రసుకి ఎవురు పోయినా వాళ్లని కొత్తదానికి పంపిచ్చేస్తది పెదనాయనా. పర్మనెంట్ రీడైరెక్ట్ అంటారు. పేజీకి పేజీ రాసియ్యాల అంతే."

నాకు ఇంకో మాట చెప్పనక్కర్లేకపోయింది. ముప్పై ఆరేళ్లు నేను చేసిన పనే అది. ఎవరైనా ఊరు మారితే పోస్టాఫీసుకు వచ్చి ఒక కాగితం రాసిచ్చేవాళ్లు, ఫలానా రోజు నుంచి నా ఉత్తరాలు ఫలానా చిరునామాకు పంపండి అని. దాన్ని ఉత్తరాలు వేరు చేసే అర పక్కన అంటించేవాళ్లం. ఆ పేరు మీద ఉత్తరం వస్తే పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసి మళ్లీ సంచిలో వేసేవాళ్లం. గిద్దలూరు నుంచి గుంతకల్లుకు బదిలీ అయిపోయిన రైల్వే మనిషి ఒకాయనకు అలా ఎన్ని ఉత్తరాలు మళ్లించానో. ఆయన అక్కడి నుంచి నాకొక కార్డు రాశాడు, ఒక్క ఉత్తరమూ పోలేదని.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని పట్టిక రాశాం. ఎడమ వైపు పాత పేజీ, కుడి వైపు కొత్త పేజీ. అందరినీ కొత్త సైటు మొదటి పేజీకి పంపేస్తే పని సులువు కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అట్లా చేస్తే ఒక వీధి ఉత్తరాలన్నీ తీసుకుపోయి ఒక్క ఇంట్లో పడేసినట్టే పెదనాయనా, ఎవరి పేజీకి వాళ్లు పోవాలి అంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. మర్నాడు ఇద్దరం సమాధుల తోటకు పోయి ఒక్కొక్క రాయికీ ఫోను పెట్టి చూశాం. రాతి మీద పాత చిరునామా, ఫోనులో కొత్త చిరునామా. పదకొండుకు పదకొండూ సరిపోయాయి. నేను పట్టికలో టిక్కులు పెట్టుకున్నాను. ఏడో రాయి దగ్గర పాట మోగింది, గేటు చప్పుడుతో సహా.

మాకు కనబడనిది ఒకటుంది. ఫోటోలూ రాతలూ కొత్త సైటుకు వచ్చాయి. గొంతులు రాలేదు. ఫైళ్లు పెద్దవి, ఆ వారం నెట్ సరిగా లేదు, తర్వాత ఎక్కిద్దామని ఆమె వాటిని పాత చోటే ఉంచింది. కొత్త పేజీ గొంతును పాత చిరునామా నుంచే తెచ్చుకునేది. పాత పేరు బతికున్నంత కాలం తేడా ఎవరికీ తెలియదు. పాట మోగుతుంటే అది ఎక్కడి నుంచి వస్తోందని ఎవరు అడుగుతారు?

ఆ మరుసటి ఏడు ఆమె ఫోను చేసింది. డైరీలో ఆ రోజు మూడు వాక్యాలున్నాయి. మొదటిది బీపీ మాత్రలు అయిపోయిన సంగతి. రెండోది: "సెంటరు అమ్మాయి ఫోను. సైటు పాత పేరు గడువు అయిపోతోంది, ఉంచాలా వద్దా అని అడిగింది. అవసరం లేదన్నాను." మూడోది పైవీధిలో నీళ్ల ట్యాంకరు రాని సంగతి.

అది డబ్బు కోసం కాదు. ఉంచమంటే ఆమె ఉంచేది. ఒకసారి ఆలోచించుకుని చెప్పండి పెదనాయనా, తొందరేం లేదు అని కూడా అంది. నేనే ఆలోచించాల్సింది ఏముందన్నాను. పోస్టాఫీసులో చిరునామా మార్పు కాగితానికి ఒక గడువుంటుంది. ఆ గడువులోగా ఉత్తరాలు రాసేవాళ్లందరికీ కొత్త చిరునామా తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా పాత చిరునామాకు రాసేవాడు ఉంటే ఉత్తరం వాడికే తిరిగిపోతుంది, అప్పుడు వాడూ నేర్చుకుంటాడు. ఎవరూ లేని ఇంటికి తాళం కాపలా దేనికి అనుకున్నాను. ఒక ఏడాది చాలు, ఎక్కువే అని చెప్పాను. గొంతులు పాత చోటే ఉన్న సంగతి అప్పటికి ఆమెకూ గుర్తు లేదు.

ఉత్తరాలు రాసేవాళ్లు మనుషులు కాబట్టి నేర్చుకుంటారు. రాళ్లు నేర్చుకోవు. ఇంత చిన్న సంగతి నాకు ఆ రోజు తట్టలేదు.

ఇంకొకటి కూడా తట్టలేదు, ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఉత్తరాన్ని మళ్లించేది కొత్త ఊరి పోస్టాఫీసు కాదు, పాత ఊరిదే. గుంతకల్లు ఆయన ఉత్తరాలు చేరాయంటే గిద్దలూరులో కూర్చున్న నేను మళ్లించాను కాబట్టి. గిద్దలూరు పోస్టాఫీసునే ఎత్తేసి ఉంటే, అక్కడికి వచ్చిన ఉత్తరం మీద కొత్త చిరునామా రాసేది ఎవరు? ముప్పై ఆరేళ్లు ఈ పని చేసిన మనిషిని, పాత పేరు వదిలేస్తే మళ్లింపు కూడా దానితోనే పోతుందని తెలుసుకోలేకపోయాను.

పాత పేరు ఆగిపోయిన నెలల్లో పాట ఎత్తే ఆయన భార్య ఊళ్లో లేదు. మిరప కోతలకు గుంటూరు వైపు పోయింది, వచ్చాక మోకాళ్ల నొప్పులతో తోటలోకి పోలేదు. ఆ మధ్యలోనే ఇంకో నష్టం జరిగింది. ఆయన పాత ఫోను ఛార్జింగు ఎక్కడం మానేసి గూట్లో పడి ఉండేది. పాత ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాను ఇచ్చే మోపెడ్ మనిషి వీధిలోకి వచ్చినప్పుడు, దాన్ని ఇచ్చి నీళ్ల టబ్బు తీసుకుంది. ఇవ్వకముందు మా అరుగు దగ్గరికి వచ్చి నన్ను అడిగింది, ఇచ్చేయొచ్చా అన్నా అని. పాట సైటులో భద్రంగా ఉంది, ఫోను లేకపోయినా ఏం కాదమ్మా అని చెప్పింది నేనే. ఆ సంగతి డైరీలో లేదు. రాయదగినంత పెద్ద విషయం అనిపించి ఉండదు. కానీ బాగా గుర్తుంది. ఆమె టబ్బును తలమీద బోర్లించుకుని ఇంటికి పోతుంటే నవ్వాను కూడా.

మార్చి మొదటి ఆదివారం ఆమె మళ్లీ రాయి దగ్గరికి పోయింది. రాచర్ల ఆటో అతను నీళ్లు తాగడానికి ఆగితే పిలిచి పాడియ్యమంది. అతను ఫోను పెట్టాడు. పేకముక్కలు వచ్చాయి. ముక్కల మధ్యలో నాణేలు రాలుతున్న చప్పుడు. ఆట మొదలుపెట్టండి అని ఒక ఆడగొంతు. ఆటో అతనికి నవ్వొచ్చింది, ఇదేంది పెద్దమ్మా మీ ఆయన రమ్మీ ఆడిస్తాండు అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు, ఆ తర్వాత మొహం చిన్నబుచ్చుకుని ఇంకో రాయికి పెట్టి చూశాడు. అక్కడా పేకముక్కలే. ఆమె నేరుగా అయ్యగారి ఇంటికి పోయి, రాయిలో ఎవరో దూరినారని చెప్పింది.

ఆ వారమంతా నేనూ నెట్ సెంటరు అమ్మాయీ వెతికాం. ఎక్కడెక్కడ అడిగామో తేదీల వారీగా రాసుకున్నాను. పాత పేరును గడువు దాటాక ఎవరో కొనేశారు. ఎవరో తెలియదు. వదిలేసిన పేర్లను ఇలా కొనేవాళ్లు ఉంటారట. జనం అలవాటు పడిన దారి కాబట్టి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్లకు పేకాట చూపిస్తారు. మా సమాధుల తోటకు వచ్చేవాళ్లకు కూడా. సెంటరు అమ్మాయి వాళ్లకు రెండు మెయిళ్లు పెట్టింది. మీ సందేశం అందిందని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

పేరు పోతే పోనీ, గొంతు ఫైలు కావాలి. పాత సైటుకు చోటిచ్చిన కంపెనీ వాళ్లు గడువు దాటిన ఫైళ్లు తీసేశామన్నారు. సెంటరులోని పాత కంప్యూటరు అన్న వాటాకు పోయింది, అతను ఊడదీసి అమ్మేశాడు. పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే చోటు ఒకటుందని ఆ పిల్ల చెప్పింది. అక్కడ మా పేజీ దొరికింది కూడా. ఆయన ఫోటో, సాక్ష్యం, పాట నొక్కే బొత్తం. నొక్కితే ఏమీ లేదు. హనుమంతునిపాడు తమ్ముడికి అప్పట్లో వాట్సాప్‌లో పంపారని గుర్తొచ్చి ఫోను చేశాను. ఫోను నిండిపోయిందని రెండేళ్ల కిందటే అన్నీ తుడిచేశానన్నాడు. ఎట్టాగూ వదిన దగ్గరుంటది గదా అనుకున్నా పెద్దాయనా అన్నాడు. అందరం అలాగే అనుకున్నాం. ఎవరికి వాళ్లం ఇంకొకరి దగ్గర ఉంటుందనుకున్నాం. గొంతులున్న మిగతా ఇద్దరి ఇళ్లలో ఫోన్లలో నకళ్లు దొరికాయి. ఈమెకు ఒక్కదానికే లేదు.

ఇదంతా అయ్యాక రెండో ఆదివారం షెడ్డులో కూర్చున్నాం. ఎండ అప్పటికే రేకుల మీద కాస్తోంది. అయ్యగారు ప్రార్థన చేశాక ఆ పిల్లను చెప్పమన్నారు. ఆమె లాప్‌టాప్ తెరిచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. గొంతులు పాత చోటే వదిలేసింది తానేనని దాచకుండా చెప్పింది. తర్వాత ఎక్కిద్దాంలే అనుకున్నా అత్తా, మర్చిపోయినా అంది.

పాట ఎత్తే ఆయన భార్య అంతా విన్నది. ఆమెకు ఎంత అర్థమయిందో అని నేను మా భాషలో చెప్పబోయాను, పోస్టాఫీసు సంగతులతో పోల్చి. మళ్లించే కాగితం పాత ఊళ్లో ఉంటుందమ్మా, ఆ కాగితం చింపేస్తే అన్నాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"ఒకటి చెప్పు అన్నా. ఆ పాత పేరు వదలకుండా ఉంటే, పాట ఉండేదా?"

"ఉండేదమ్మా. అది వదలకుండా ఉంటే, తర్వాతైనా తీసి దాచుకునేవాళ్లం."

"వదలమన్నది ఎవురు?"

అయ్యగారు ఏదో అనబోయారు, సంఘం తరఫున తీసుకున్న నిర్ణయం అని కాబోలు. సంఘం తీసుకున్న నిర్ణయం కాదది. బీపీ మాత్రలకూ నీళ్ల ట్యాంకరుకూ మధ్యలో నేనొక్కడిని ఫోనులో చెప్పిన మాట.

"నేనే" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొంగుతో మెడ తుడుచుకుంది. ఆ పిల్ల వైపు తిరిగి లాప్‌టాప్ చూపించి, "ఈ పెట్టెలో గూడా లేదు గదా?" అని అడిగింది.

"లేదత్తా."

"సరే."

ఫోను సంగతి నేను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఆ తర్వాత, ఆ టబ్బు ఆ ఇంటి ముందు కనబడుతుందని, ఆ పక్కగా నడవడమే మానుకున్నాను.

మిగిలింది రాళ్ల సంగతి. పదకొండు సమాధుల మీదా పేకాట తెరుచుకుంటోంది. బయటి ఊళ్ల నుంచి ఎవరైనా వస్తే సిగ్గు. గళ్లను అరగదీసేయడమే మంచిదన్నారు అయ్యగారు. కొత్త చిరునామాతో కొత్త గళ్లు కొట్టిద్దామా అని ఆ పిల్ల మెల్లగా అడిగింది. ఈసారి సంఘం పేరు మీదే ఉంది కదా అంది.

మేస్త్రి నా వంక చూశాడు. "కొడతా. ఈసారి ఎన్నేండ్లకి కొట్టమంటావు బావా?"

ఎకసెక్కమే. కానీ అతని గొంతులో నవ్వు లేదు. సంఘం పేరు ఎవరి చేతిలో ఉంటుంది? నేను పోయాక ఆ గడువు ఎవరు చూస్తారు? ఆ పిల్ల ఈ ఊళ్లోనే ఉంటుందా? ఇన్నేళ్లూ ఏ గడువూ దాటనివ్వని మనిషినని నాకు పేరు. అదే నాతో ఈ పని చేయించింది. ఇక ఎవరి పేరు చెప్పి రాయి మీద కొట్టమంటాను? కొత్తవి వద్దని అయ్యగారే అన్నారు. కావాలనుకున్నవాళ్లు కాగితం మీద వేసుకుని ఇంట్లో పెట్టుకోవచ్చన్నారు.

నిజానికి మేస్త్రి పనిలో తప్పేమీ లేదు. లేచేటప్పుడు ఆ మాట అతనే అన్నాడు, ఎవరినీ చూడకుండా. రాయి చెప్పమన్న అడ్రసే చెప్తాంది, ఇప్పుటికీ అక్షరం చెదర్లేదు అన్నాడు.

మరుసటి ఉదయం ఆరు గంటలకు తోటకు పోయాం, నేనూ మేస్త్రీ. మందిరం నుంచి వైరు లాగి అరగదీసే మిషను పెట్టుకున్నాడు. పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఎక్కువ ఒత్తితే పొర లేచి పైన ఉన్న పేరు కూడా ఊడొస్తుంది. అందుకని చేయి తేల్చి పట్టుకుని ఒక్కొక్క చదరాన్నీ, దాని కింది చిరునామానూ మెల్లగా తీశాడు. గళ్లు ముందు మసకబారి, తర్వాత నున్నగా అయిపోయేవి. నల్లటి దుమ్ము మా బట్టల నిండా పడింది. నేను తడిగుడ్డతో తుడిచి, ఫోను పెట్టి, ఏమీ తెరుచుకోవడం లేదని చూసుకుని పక్క రాయికి పోతున్నాను. ఆయన రాయిని చివరికి ఉంచాం. అలా ఉంచుదామని ఇద్దరం అనుకోలేదు.

పదో రాయి అవుతుండగా మిరప కోతల ఆటో రోడ్డు మీద ఆగింది. ఆడవాళ్లంతా అందులోనే కూర్చుని ఉన్నారు. పాట ఎత్తే ఆయన భార్య ఒక్కతే దిగి వచ్చింది, చేతిలో సద్ది క్యారియరు. మేస్త్రి మిషను ఆపాడు. గళ్లు తీయొద్దంటుందేమో అనుకున్నాను. అంటే తీయకూడదనే అనుకున్నాను. ఆమె గళ్ల వైపు చూడనే లేదు.

"అన్నా, నువ్వు ముందు వరసలో కూచునేవాడివి గదా. ఆ కోత పండగ పాట ఆయన ఎట్ల ఎత్తేటోడు? పైకి ఎత్తేటోడా, కింద నించి మొదలుపెట్టేటోడా?"

"నీకు తెలియదా అమ్మా?"

"రాత్రి నించి అనుకుంటాండా. ఒకతూరి ఇట్ల అనిపిస్తాది, ఒకతూరి అట్ల అనిపిస్తాది. ఆదివారం ఆదివారం ఇంటాంటే గుర్తు పెట్టుకోవాలని ఏముంటది?"

నేను ప్రతి ఆదివారం ఆరాధన సంగతి రాసుకునేవాడిని. ఎంతమంది వచ్చారు, వాక్యం ఎక్కడి నుంచి, పాటల పుస్తకంలో ఏ నంబరు పాట, ఎవరు ఎత్తారు. ఆయన పేరు వందల చోట్ల ఉంటుంది. ఆ కోత పండగ నాటి పాట నంబరు అక్కడే నిలబడి చెప్పగలను, చెప్పాను కూడా. ఎలా ఎత్తేవాడో మాత్రం రాలేదు. కళ్లు మూసుకుని చూశాను. ఆయన నిలబడే చోటు కనబడింది, ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవడం కనబడింది. గొంతు వినబడలేదు.

మేస్త్రిని అడిగింది. అతను గొంతు సవరించుకుని రెండు మాటలు అన్నాడు. ఆమె అట్ల కాదంది. తనే ఒకసారి మొదలుపెట్టింది, సన్నగా, పై నుంచి. రెండో మాట దగ్గర ఆగి ఇట్ల గూడా కాదంది. మళ్లీ కింద నుంచి మొదలుపెట్టింది. అదీ ఆపేసింది.

ఆటో అతను హారన్ కొట్టాడు. ఎండ ఎక్కితే కాయ కోయలేరు.

"పొద్దుపోతాంది. కానియ్యండి మీరు" అని క్యారియరు చెయ్యి మార్చుకుంది. పోతూ పోతూ, "పేరు జాగర్త మేస్త్రీ, పొర లేస్తదేమో" అని మేస్త్రితో చెప్పింది.

ఆటో మలుపు తిరిగేదాకా మేస్త్రి మిషను వెయ్యలేదు. తర్వాత వేశాడు.